బూబర్ లోయ రైలు మార్గం

పోలండ్ నైరుతి మూలన, చెక్ సరిహద్దు కొండల దగ్గర, యెలేనియా గూరా అనే పట్టణం ఉంది. అక్కడి నుంచి బూబర్ నది వెంట వ్లేన్ మీదుగా ల్వూవెక్ వరకు సాగే ఒంటి రైలు మార్గం 1909లో మొదలైంది. అప్పట్లో ఆ ప్రాంతం జర్మనీది. 1945 తర్వాత పోలండ్‌కు దక్కింది.

ఈ దారిలో అసలు చూడవలసింది పిల్హోవిత్సె. 1897 నాటి భయంకరమైన వరదల తర్వాత బూబర్‌కు అడ్డంగా 62 మీటర్ల ఎత్తున రాతి ఆనకట్ట కట్టారు. అది 1912లో పూర్తయింది. జలాశయం నిండకముందే, పొడి లోయ మీద 135 మీటర్ల ఉక్కు వంతెన నిలబెట్టారు. ముందుచూపు అంటే అదీ! 1945లో వెనుదిరుగుతున్న జర్మన్ సేనలు ఆ వంతెనను దెబ్బతీశాయి. మరుసటి ఏడాదే బాగుచేశారు.

పట్టాలు పాడై రైళ్ల వేగం తగ్గుతూ వచ్చింది. 2016లో ల్వూవెక్ దాకా ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. 2020లో హాలీవుడ్ చిత్రం ‘మిషన్ ఇంపాసిబుల్’ కోసం ఈ వంతెనను పేల్చే ఆలోచన ఉందన్న వార్త గుప్పుమంది. స్థానికులు, చరిత్ర ప్రేమికులు గట్టిగా ఎదురుతిరిగారు. వాళ్లు చేసింది ముమ్మాటికీ సరైన పని. అదే ఏడాది ఆగస్టులో వంతెన రక్షిత కట్టడాల జాబితాలో చేరింది.

ల్వూవెక్ దారిలాగా మూతపడిన మార్గం మళ్లీ తెరుచుకోవడం ఆ కొండల్లో కొత్త కాదు. యెలేనియా గూరా నుంచే ష్క్లార్స్కా పొరెంబా మీదుగా చెక్ దేశంలోని హర్రాహోవ్‌కు వెళ్లే దారి 1945 నుంచి సరిహద్దు దగ్గర తెగిపోయి ఉండేది. 2010లో అక్కడ రైళ్లు తిరిగి నడిచాయి.