పాలు పడలేదనే బెంగ

కాన్పయిన రెండో రోజుకే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "పాలు పడలేదమ్మా, డబ్బా పాలు తెప్పించండి." కాస్త ఆగండి. మొదట వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పచ్చగా, చెంచాల లెక్కనే వస్తాయి. పసికందుకు అప్పటికి అవే చాలు. పాలు నిండుగా దిగేది మూడో రోజో, నాలుగో రోజో. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా తేనె నాకించకండి. ఏడాది నిండేదాకా అది ప్రమాదం.

ఇక చనుమొనలు పగిలి, కళ్లనీళ్లు పెట్టుకునే బాలింతలు. చాలాసార్లు కారణం బిడ్డ నోరు పట్టిన తీరే. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. నొప్పి తగ్గకపోతే నోటి మూలన శుభ్రమైన చిటికెనవేలు పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. రొమ్ము గట్టిపడినా పాలివ్వడం మానొద్దు. జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి.

పాలు చాలుతున్నాయా అన్నది ఏడుపును బట్టి కాదు, తడిసిన గుడ్డలను బట్టి తెలుస్తుంది. ఐదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా తడిపితే సరిపోతున్నట్టే. అన్నట్టు, బాలింతకు మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చే పథ్యం నాకు బొత్తిగా నచ్చదు.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. సందేహాలన్నీ ఆమెను అడగండి. బిడ్డ మత్తుగా పడి ఉండి పాలు పట్టకపోతే మాత్రం ఆమె కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.