చలిదేశంలో మూడు పాయల జడ



ఈ వారం ఊలు, సూది పట్టుకుని కూర్చుందాం. నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్లకి లేసు అల్లడమంటే కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ లేసు పనినే ఇక్కడివాళ్లు క్రోషే అంటారు. అక్కడ సన్న దారం, సన్న సూది. ఇక్కడ లావు ఊలు, లావు సూది. అంతే తేడా. ఈ చలికాలం కోసం అల్లే స్కార్ఫు మీద తాళ్లు పెనవేసుకున్నట్టు ఉబ్బెత్తుగా కనబడే అల్లిక ఉంటుంది చూశారూ, దాన్నే కేబుల్ అంటారు. ఊలు కొట్లలో ఆ నమూనాల మీద "సెల్టిక్" అనో "వైకింగ్" అనో రాసి ఉంటుంది. ఆ పేర్ల సంగతి కాస్త చూసి, తర్వాత అల్లికలోకి వెళ్దాం.

అసలు మనం ఉంటున్న ఊరి పేరులోనే ఈ రెండు జాతులూ ఉన్నాయండీ. 1875లో పోలీసు దళం బో నది ఒడ్డున కోట కట్టినప్పుడు, దాని అధికారి బ్రిసెబ్వా ఆ కోటకి తన పేరే పెట్టుకోబోయాడు. అది సాగలేదు. 1876లో కర్నల్ మెక్లౌడ్ "కాల్గరీ" అని పేరు పెట్టాడు. స్కాట్లండు పక్కన మల్ అనే దీవిలో ఒక చిన్న సముద్రతీరం పేరది. గేలిక్ భాషలో పచ్చికబయలు దగ్గరి తీరమని కొందరంటారు. కాదు, నోర్స్ మాటల్లో చల్లని తోట అని మరికొందరంటారు. ఆ దీవులు 1266 దాకా నార్వే రాజుల చేతిలోనే ఉండేవి కాబట్టి రెండో మాటనీ కొట్టిపారెయ్యలేం. జనవరిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు మాత్రం రెండో అర్థానికే ఓటు వేస్తారు!

ఇక వైకింగులు ఇలాంటి స్కార్ఫులు వేసుకునేవారా అంటే, లేదు. వాళ్లకి క్రోషే కాదు గదా, రెండు సూదుల అల్లిక కూడా తెలియదు. ఇంగ్లండులోని యార్క్‌లో పదో శతాబ్దపు ఊలు మేజోడు ఒకటి దొరికింది. అది ఒంటి కంటిసూదితో, ముక్కలు ముక్కలుగా ఊలు తీసుకుని ఉచ్చులేస్తూ చేసినది. క్రోషే అయితే మనకి తెలిసిన రూపంలో పందొమ్మిదో శతాబ్దానిది. ఐర్లండులో ఆరన్ దీవుల స్వెట్టర్ల మీద ఒక్కో వంశానికి ఒక్కో అల్లిక ఉండేదనీ, సముద్రంలో పోయినవాళ్లని దాన్నిబట్టి గుర్తుపట్టేవారనీ ఒక కథ చెప్తారు. అదీ కథే. 1904లో వచ్చిన ఒక నాటకంలో మునిగిపోయినవాణ్ణి మేజోటి కుట్టు చూసి గుర్తుపడతారు. అక్కణ్ణించి పాకిందంటారు.

మరి పాతది ఏమిటంటే, ఆ మెలిక. సుమారు 800 నాటి "కెల్స్ గ్రంథం" డబ్లిన్‌లో ఉంది. దాని పుటల నిండా మొదలూ చివరా దొరకని మెలికలే. నార్వేలో ఉర్నెస్ అనే ఊళ్లో చెక్క చర్చి తలుపు పక్కన పాములూ మృగాలూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. ఇవి చూస్తే మన ఆడవాళ్లు ఆశ్చర్యపోరు. చుక్కలు పెట్టి, గీత ఎత్తకుండా చుట్టూ తిప్పి, బయల్దేరిన చోటికే వచ్చి కలిపే మెలికల ముగ్గు ఇదే కదా! జార్జ్ బెయిన్ అనే స్కాట్లండు చిత్రకారుడు 1951లో ఆ మెలికలు గీసే పద్ధతి పుస్తకంగా వేశాడు. అదీ చుక్కల లెక్కతో మొదలయ్యేదే. ఒక్కటే తేడా. ముగ్గులో గీత గీతని దాటుతుంది, అంతే. వాళ్ల మెలికలో ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోతుంది. స్కార్ఫుకి కావలసింది ఆ పైనా కిందా ఆటే.

ఇప్పుడు అల్లిక. 6 మిల్లీమీటర్ల సూది, "వర్‌స్టెడ్" అనే మధ్యరకం ఊలు తీసుకోండి. కేబుల్ అల్లిక ఊలుని మింగుతుంది, వెడల్పునీ లాగేస్తుంది. నేనైతే మామూలు స్కార్ఫుకన్నా పావు వంతు ఎక్కువ కొంటాను, అన్ని ఉండల మీదా ఒకే రంగు సంఖ్య ఉందో లేదో చూసి మరీ. నమూనా కాగితం చదివేముందు అది అమెరికా లెక్కో ఇంగ్లండు లెక్కో చూసుకోవాలి. ఇంగ్లండువాళ్ల డబుల్ కుట్టు అమెరికావాళ్లకి సింగిల్. ఇంగ్లండు ట్రెబుల్ వీళ్లకి డబుల్. మన దేశంలో కాన్వెంటులో నేర్చుకున్నవాళ్లకి చెయ్యి ఒకటి చెప్తే కాగితం ఇంకొకటి చెప్తుంది.

రహస్యమంతా సూది దూర్చే చోటులో ఉంది. మామూలుగా కింది వరస కుట్టు తలలో దూరుస్తాం. కేబుల్‌కి తలని వదిలేసి, కాడ చుట్టూ ముందువైపు నుంచి సూది తిప్పి, పొడుగు కుట్టు వెయ్యాలి. అప్పుడది గుడ్డ మీద పైకి లేస్తుంది. మధ్యలో తొమ్మిది కుట్లు అలా నిలబెట్టండి, మూడేసి కుట్లు ఒక పాయ. ఇక పాపకి జడ వేస్తున్నట్టే. కుడి పాయని మధ్య పాయ మీంచి దాటించండి. అంటే మూడు కుట్లు వదిలి, తర్వాతి మూడు ముందు అల్లి, వెనక్కొచ్చి వదిలినవాటిని అల్లాలి. ఏది పైకి రావాలో దాన్ని ముందువైపు ఉంచడమే కిటుకు. మధ్యలో ఒక వెనక వరస సాదాగా. మళ్లీ ముందు వరసలో ఎడమ పాయని మధ్యదాని మీంచి. ఇలా మార్చి మార్చి పోతూంటే జడ దానంతటదే వస్తుంది. అంచులు రెండూ సాదాగా ఉంటేనే జడ ఎత్తుగా కనిపిస్తుంది. అయ్యాక అక్రిలిక్ ఊలైతే ఇస్త్రీ మాత్రం పెట్టకండి, ఉబ్బంతా అణిగిపోతుంది, మళ్లీ లేవదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఐర్లండులో 1845 తర్వాతి కరువులో ఎన్నో ఇళ్లల్లో పొయ్యి వెలిగించింది క్రోషే లేసే. అదే శతాబ్దంలో మిషనరీల చేతుల మీదుగా గోదావరి తీరానికి లేసు పని వచ్చింది. నరసాపురం చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్లు అల్లినవి విదేశాలకి వెళ్లాయి. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ అక్కడికొచ్చి చూసి 1982లో పుస్తకం రాశారు. రోజులో గంటల తరబడి అల్లుతున్నా దాన్ని "ఇంట్లో తీరిక వేళ పని" అన్నారు కాబట్టి, కూలి లెక్కలోకే రాలేదని ఆవిడ చూపించారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కూలి సంగతి వేరే.

ఎందుకు చెప్తున్నానంటే, రెండు సూదుల అల్లికకి యంత్రాలున్నాయి గానీ అసలైన క్రోషేని అల్లి బజారుకి పంపే యంత్రం ఇంతవరకూ లేదు. ఇక్కడి మాల్‌లో ఇరవై డాలర్లకి క్రోషే జాకెట్టు కనబడితే, అది ఎవరో ఒకావిడ చేత్తో అల్లినదే. ఆ ఇరవైలో కొట్టువాళ్ల వాటా, ఓడ ఖర్చు పోను ఆవిడకి ఎంత మిగిలిందో వేసి చూడండి.

మీ స్కార్ఫు మొదలుపెట్టిన రోజునుంచీ గంటలు ఒక కాగితం మీద రాసుకోండి. చూసినవాళ్లు "మాకూ ఒకటి అల్లిపెట్టవూ, డబ్బులిస్తాలే" అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు ఊలు రసీదుతోపాటు ఆ కాగితం కూడా చూపించండి.