ఒక్క రోజులో హైదరాబాదు చూసి రావాలంటే

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పిల్లలకు సెలవులు ఇచ్చారంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటే పోరు: "అమ్మా, ఎక్కడికైనా పోదామే!" అని. మా కోడుమూరు వైపు వాళ్ళం మంత్రాలయం, మహానంది, యాగంటి, అహోబిలం ఎలాగూ పోతూనే ఉంటాం. అయితే అవన్నీ మొక్కుల ప్రయాణాలు. మొక్కు లేకుండా, పెళ్ళి లేకుండా, ఆసుపత్రి పని లేకుండా, కేవలం కళ్ళారా చూసి రావడానికి పోవాలంటే మనకు ముందుగా గుర్తుకొచ్చేది హైదరాబాదే.

ఆ ఊరితో మన బంధం ఈనాటిది కాదు. 1953 అక్టోబరు 1 నుంచి మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆ రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక అది పొరుగు రాష్ట్రపు పట్నమైంది. అయినా కర్నూలు నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే కదా! రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు, పగలంతా చూసి మళ్ళీ రాత్రి బస్సుకు తిరిగి రావచ్చు. లాడ్జి ఖర్చు లేదు. మధ్యతరగతి సంసారాలకు ఇంతకంటే ఏం కావాలి?

ఇంతవరకు బాగానే ఉంది. మా వీధిలో ఒకావిడ ఇలాగే కుటుంబమంతటితో పోయి వచ్చారు. ఆ ఒక్క రోజులోనే చార్మినారు, మ్యూజియం, జంతు ప్రదర్శనశాల, గోల్కొండ, ట్యాంకుబండు అన్నీ చుట్టేశారట. "అన్నిట్లోకీ నీకేది బాగా నచ్చిందక్కా?" అని అడిగాను. ఆమె నవ్వి, "సంచీల బరువొక్కటే బాగా గుర్తుందమ్మా" అన్నారు. మ్యూజియం దగ్గర సంచీలకు కాపలా కూర్చున్నారట. జంతుశాలలో చంటివాణ్ణి నిద్రపుచ్చుతూ కూర్చున్నారట. గోల్కొండలో మోకాళ్ళ నొప్పుల అత్తగారికి తోడుగా కిందనే కూర్చున్నారట. అందరికీ రొట్టెలు కట్టి, నీళ్ళు మోసి, ఐదు చోట్లకు పోయి, మూడు చోట్ల కూర్చుని వచ్చారన్నమాట!

ఆమె నవ్వుతూనే చెప్పారు కానీ నాకు నవ్వు రాలేదు. ఇంట్లో వంటా వార్పూ మనకు రోజూ ఉన్నదే. ఏడాదికో రెండేళ్ళకో ఒక్క రోజు బయటికి పోతే ఆ రోజు కూడా పొయ్యి మన వెంటే నడిచి రావాలా? కాబట్టి ఈ ప్రయాణంలో ఇల్లాలు కూడా చూసేవాళ్ళలో ఒకరుగా ఉండాలంటే ఏం చెయ్యాలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొట్టమొదటిది, చూసే చోట్లు తగ్గించుకోండి. "ఇంత దూరం పోయి గోల్కొండ చూడకుండా వస్తామా?" అని మగవాళ్ళు అంటారు. ఔరంగజేబు అంతటివాడు 1687లో ఎనిమిది నెలలు ముట్టడి వేస్తే గానీ ఆ కోట చేతికి రాలేదు. మనం ఒక గంటలో జయించి రావాలంటే ఎట్లా? కోటకు ఇంకో ఏడాది ఇంకో రోజు పెట్టుకోండి. ఈసారికి మూసీ నది గట్టు ఒక్కటి చాలు. మన బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్ స్టేషను మూసీ మీదనే ఉంది. అక్కడి నుంచి చార్మినారు దాకా రెండు కిలోమీటర్ల దారి. ఆ రెండు కిలోమీటర్లలోనే ఒక రోజుకు సరిపడా చూడవలసినవి ఉన్నాయి.

పొద్దున్నే ముఖాలు కడుక్కుని ఫలహారాలు చేశాక ముందుగా అఫ్జల్‌గంజ్ వైపు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు పోండి. ఆసుపత్రిలో చూసేదేముందని అనుకోకండి. అక్కడొక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి వేలమంది ప్రాణాలు పోయిన రోజున, సుమారు 150 మంది ఆ చెట్టెక్కి బతికారని చెబుతారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచిన రోజును మనం మరిచిపోలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తప్ప నీళ్ళు కనిపించని హంద్రి అంత పని చేస్తుందని ఎవరనుకున్నాం? మిద్దెల మీద రాత్రి గడిపినవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. ఆ చెట్టు కింద నిలబడి పిల్లలకు ఆ రెండు వరదల సంగతీ చెప్పండి. మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా తీసుకున్నారు. అలా కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు. వరదను ఆపడానికి కట్టిన చెరువులే ఊరి దాహం కూడా తీర్చాయి. ఇది పిల్లల పాఠం పుస్తకం కంటే బాగా మనసుకు పడుతుంది.

అక్కడి నుంచి నయాపూల్ వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, ఆ సంగతి బయలుదేరేముందే చూసుకోండి. ఇక్కడ సంచీలు దాచుకోవడానికి వేరే గది ఉంది. కాబట్టి కాపలా పేరుతో ఎవరూ బయట కూర్చోనక్కర్లేదు. ముఖ్యంగా మీరు!

ఈ మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవి. ఆయన 1949లో పోయారు. 1951లో ఆయన దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. ఇప్పుడున్న భవనానికి 1968లో మార్చారు. గదులు ముప్పై పైచిలుకు. అన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క గది కోరుకోండి. పిల్లలు బొమ్మల గది అంటారు, వారు కత్తులూ కటార్ల గది అంటారు. మీరేం కోరుకుంటారో మీరే చెప్పండి, "మీ ఇష్టమే నా ఇష్టం" అని మాత్రం అనవద్దు.

నన్నడిగితే ముసుగు రెబెక్కా దగ్గర కాసేపు నిలబడమంటాను. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. ముఖం మీద పల్చని తడిగుడ్డ కప్పినట్టుంటుంది, లోపల ముక్కూ కళ్ళూ తెలుస్తుంటాయి. ముసుగూ ముఖమూ అంతా ఒకే రాయి! పన్నెండు గంటలవుతుందనగా సంగీత గడియారం దగ్గరికి పోండి. గడ్డం మనిషి బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి గంటలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకైతే పన్నెండు సార్లు కొడుతుంది. పెద్దవాళ్ళకు కుర్చీ దొరకాలంటే కాస్త ముందే పోవాలి.

మధ్యాహ్నం భోజనానికి మన జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి చాలు, చెడిపోవు. అయితే మూట ఒక్కరే మోయవద్దు. ఎవరి రొట్టె, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళ సంచీలోనే. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తన నీళ్ళు తాను మోయగలడు. ఇక వీధిలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి దొరకడం కష్టం. ఆ భయంతో నీళ్ళు తాగడం మానెయ్యకండి. మ్యూజియం నుంచి బయటపడేముందే ఆ పని చూసుకోండి.

చల్లపూట చార్మినారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి నడిబొడ్డున కట్టించాడు. నాలుగు కమానుల్లోంచి నాలుగు దారులూ కనిపిస్తాయి. పైకి పోయే మెట్లు ఇరుకు, మెలికలు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేరు. అప్పుడు అత్తగారికి తోడుగా కోడలే ఉండాలని ఏ శాస్త్రంలో ఉంది? పిల్లలతో మీరు ఎక్కండి, కొడుకు అమ్మ దగ్గర కూర్చుంటాడు. మీరు దిగాక ఆయన ఎక్కుతారు. తల్లీకొడుకులు తీరిగ్గా మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో!

ఆ పక్కనే లాడ్‌బజారు. లక్కను వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వెచ్చగా ఉండగానే ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బేరం ఆడండి, తప్పులేదు. కానీ ఆ చేతులు కాలుతూ చేసిన పని అది, ఆ మాట మనసులో పెట్టుకుని ఆడండి. ఇక్కడ జనం కిటకిటలాడుతుంటారు. పిల్లల జేబుల్లో ఇంటి పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

తిరిగి వచ్చిన మర్నాడు ఇంటి లెక్కల పుస్తకంలో ఖర్చు రాసుకుంటాం కదా. ఆ పక్క పేజీలో ఎవరెవరు ఏం చూశారో ఒక్కొక్కరి చేతా రెండేసి వాక్యాలు రాయించండి. అత్తగారు చెబితే పిల్లలు రాస్తారు. అందులో మీ పేరు కింద జాగా ఖాళీగా ఉండకూడదు. ఉందంటే వచ్చే ఏడాది మొదట మీరు కోరిన చోటికే పోవాలని ఇంట్లో ఒప్పందం చేసుకోండి.