పట్టము పిమ్మట పనిని నడపు విద్య



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని తెలుగు పెద్దలు చెప్పిన మాట ఎల్లరకును తెలిసినదే. లోకములో ఎన్ని పనులో ఉండగా వారు ఆ రెంటినే ఎంచుకొనుటకు కారణము కలదు. సేద్యము ఏటేట సాగును. వ్యాపారము దినదినము సాగును. ఇల్లును పెండ్లియు అట్టివి కావు. వానికి ఒక ఆరంభము, ఒక ముగింపు కలవు. చేతనున్న ధనము మితము. పది వృత్తులవారిని ఒకచోట కూర్చవలెను. లగ్నమునాటికి పందిరి లేకున్నను, వానలనాటికి పైకప్పు పడకున్నను పడిన శ్రమ వ్యర్థమగును. ఇట్టి పనిని నేడు లోకము ప్రాజెక్టు అని పిలుచుచున్నది. దానిని అనుకొన్న గడువులో, అనుకొన్న ఖర్చులో, అనుకొన్న నాణ్యముతో ముగించు నేర్పునకు ప్రాజెక్టు నిర్వహణ అని పేరు. దానినే ఇప్పుడు కళాశాలలలో ఒక శాస్త్రముగా బోధించుచున్నారు.

బి.ఏ., బి.కాం., బి.ఎస్సి., బి.టెక్. పట్టములలో ఏదో ఒకటి పొందిన పల్లెటూరి యువకుడు గాని యువతి గాని ఈ శాస్త్రమునకై మరల కళాశాల మెట్లు ఎక్కవలెనా? ఎక్కినచో ఎప్పుడు? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఇది ఊసుపోక అడుగు ప్రశ్న కాదు. వాన తప్పిన ఏట ఈ పడమటి సీమనుండి కుటుంబములకు కుటుంబములే ఇంటికి తాళము వేసి, మిరప కోతలకును ప్రత్తి తీతలకును గుంటూరు వైపు తరలిపోవుట అందరు ఎరిగినదే. అట్టి ఇంట ఒక బిడ్డ పట్టభద్రుడగుటయే గొప్ప తపస్సు. ఆ పైన రెండేండ్ల చదువనగా రెండేండ్ల సంపాదనను విడుచుట. పైగా అప్పు తెచ్చుట. కావున సమాధానమును తూచి చెప్పవలసియున్నది.

మొదట ఈ ప్రాంతపు అనుభవమునే చూడవచ్చును. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. 1954లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగెను. చేనేత పనిలో ఒకదాని వెంట ఒకటి నడువవలసిన మెట్లు అనేకములు. నూలు రావలెను, రంగు వేయవలెను, పడుగు సిద్ధము కావలెను, ఆ పిమ్మటనే మగ్గము ఆడును. నూలు ఆలస్యమైన మగ్గము ఆగును. మగ్గము ఆగిన కూలి ఆగును. కూలి ఆగిన నేతగాడు మరల షావుకారు గడప తొక్కును. ఏర్పడిన సంఘమును నడపుట నిత్యవ్యవహారము. లేని సంఘమును ఏర్పరచి, సభ్యులను కూర్చి, మూలధనమును సమకూర్చి, మొదటి బట్టను అమ్మకమునకు తెచ్చుట ప్రాజెక్టు. 1938 నాటికి ఈ శాస్త్రము నేటి రూపమును పొందియుండలేదు. అయినను పని జరిగినది. దీనినిబట్టి నిర్వహణము ముందు, శాస్త్రము వెనుక పుట్టినవని తెలియుచున్నది.

రెండవ ఉదాహరణము తుంగభద్ర. హోస్పేట వద్ద ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగెను. అప్పుడు నదికి ఒక వైపు మద్రాసు రాష్ట్రము, మరియొక వైపు హైదరాబాదు సంస్థానము. 1953లో నీరు వదలునాటికి హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైయుండెను. ఆ ఏటనే అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా, అంతవరకు బళ్ళారి జిల్లాలోనుండిన ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరెను. పని మొదలిడిన ప్రభుత్వములు వేరు, ఫలము పంచుకొన్న ప్రభుత్వములు వేరు. అందుచేతనే 1953లో తుంగభద్ర బోర్డును ఏర్పరచిరి. ఒక పనికి యజమానులు పలువురైనప్పుడు ఎవరి బాధ్యత ఎంతవరకు అనుటను ముందుగా వ్రాసికొననిచో ఎట్టి చిక్కులు వచ్చునో చెప్పుటకు ఇంతకన్న మంచి పాఠము ఏ పుస్తకములోను దొరకదు.

ఎల్.ఎల్.సి. అని జనులు పిలుచు దిగువ కాలువ బళ్ళారి సీమను దాటి ఈ ప్రాంతమునకు వచ్చుచున్నది. కాలువ పొడవు మూడువందల కిలోమీటర్లకు పైబడినది. కాలువ త్రవ్వుట ముగిసి దశాబ్దములు గడచినను, చివరి పొలముల రైతు నీటికై ఎదురుచూచుట మాత్రము ముగియలేదు. శాస్త్రజ్ఞులు ఇచ్చట ఒక భేదమును చూపుదురు. కాలువ పూర్తియగుట పని; చివరి మడి తడియుట ప్రయోజనము. పని ముగిసినదని సంతకము చేయువారు పలువురు. ప్రయోజనము నెరవేరినదా అని అడుగువారు కొందరే. ఆ అడుగువారిని తయారుచేయలేని చదువు ఎంత గొప్ప కళాశాలలో చదివినను కొరత చదువే.

ఇక ఈ శాస్త్రము పుట్టిన తీరు. ఇరువదవ శతాబ్దపు రెండవ దశకములో అమెరికా దేశీయుడు హెన్రీ గాంట్ పనులను గీతలుగా గీసి, ఏ పని ఏ దినమున మొదలై ఏ దినమున ముగియునో ఒక్క చూపున తెలియునట్లు చేసెను. 1957లో డుపాంట్ కంపెనీ పనిలో మోర్గన్ వాకర్, జేమ్స్ కెల్లీ అనువారు సంధిమార్గ పద్ధతిని రూపొందించిరి. 1958లో అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణుల నిర్మాణమునకై పెర్ట్ అను పద్ధతిని వాడెను. 1969లో ఈ వృత్తివారి సంస్థ అమెరికాలో ఏర్పడెను. పేర్లు కొత్తవైనను, సంధిమార్గ పద్ధతిలోని సూక్ష్మము ఎవరికైనను తెలియునదే. ఒక గ్రంథాలయ భవనమును కట్టుదమనుకొన్నచో అది సులభముగా బోధపడును.

పునాదికి 15 దినములు, గోడలకు 20, కప్పునకు 10, కప్పు నీటితో ఆరితేరుటకు 14, గచ్చునకును పూతకును 16 అని లెక్క వేసినచో మొత్తము 75 దినములు. ఇవి ఒకదాని పిమ్మట ఒకటి జరుగవలసినవి. వడ్రంగి బీరువాలు చేయుటకు 40 దినములు పట్టును. కాని ఆ పని గోడల పని జరుగుచుండగనే వేరొకచోట సాగవచ్చును. వడ్రంగి 30వ దినమున మొదలిడినను ప్రారంభోత్సవమునకు భంగము లేదు. 40వ దినమున మొదలిడినచో 5 దినములు ఆలస్యము. ద్వారబంధముల సంగతి వేరు. అవి 10 దినముల పనియే అయినను గోడలు లేచునాటికి, అనగా 15వ దినమునాటికి, సిద్ధముగ నుండవలెను. 10వ దినమువరకు వడ్రంగిని పిలువకున్నచో తాపీవాండ్రు 5 దినములు చేతులు ముడుచుకొని కూర్చుందురు. చిన్న పనియే పెద్ద పనిని ఆపును. ఏ పని ఆలస్యమును ఓర్చును, ఏది ఓర్వదు అని ముందే తెలిసికొనుటయే ఈ విద్యకు ప్రాణము. ఊరి మేస్త్రీకి ఇది అనుభవముచేత తెలియును. అయితే పది పనులవరకు మనస్సు మోయును; పదివేల పనులు గల ఆనకట్టను మోయలేదు. అక్కడనే శాస్త్రము అవసరమగుచున్నది.

ఆపద వచ్చినప్పుడు ఈ విద్య ఎట్లు అక్కరకు వచ్చునో 2024లో ఈ ప్రాంతపు రైతులు చూచిరి. ఆ ఏడు ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. జలాశయము నిండుగా నున్న సమయమది. ఖరీఫు పైరుల ఆశయంతయు ఆ నీటిపైననే. నీటిమట్టము తగ్గువరకు వేచియుండి గేటు బిగించుట ఒక మార్గము; అట్లు చేసినచో పనివారికి అపాయము తక్కువ, రైతుకు నష్టము ఎక్కువ. పారుచున్న నీటిలోనే ఉక్కు అడ్డుపలకలను దించుట రెండవ మార్గము, అది కష్టతరము. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి సలహాతో రెండవ మార్గమునే అనుసరించి, పలకలను ఖండములుగా తయారు చేయించి, ఒకదానిపై నొకటి దించి, వారము దినములలో ప్రవాహమును అరికట్టిరి. కొలతలు తీయువారు, ఉక్కు కోయువారు, క్రేను నడుపువారు, నీటిని వదలువారు అందరును ఒకే గడియారమును చూచి పని చేయనిచో అది సాధ్యమగునది కాదు. అందు మొదటి మాట చెప్పినది పుస్తకము కాదు. దశాబ్దములపాటు గేట్లతో గడపిన అనుభవము.

ఈ మాటనుండియే యువకులకు చెప్పవలసిన ముఖ్యవిషయము వచ్చుచున్నది. పట్టము చేతికి వచ్చిన మరునాడే ఈ చదువునకు పరుగిడుటకన్న, రెండు మూడేండ్లు ఏదో ఒక పనిలో చేరి, దుమ్ములోను ఎండలోను నిలిచి, పిమ్మట చదువుట మేలు. ఆదోనిలో ప్రత్తి మిల్లులున్నవి, ఎమ్మిగనూరులో మగ్గములున్నవి, రోడ్డు పనులు, కాలువ మరమ్మతులు, భవన నిర్మాణములు ఎల్లెడల నున్నవి. అనుకొన్న ఇసుక రాని దినమున ఏమి జరుగునో చూచినవానికి కళాశాలలో ఆచార్యుడు గీసిన పటము సజీవముగ తోచును. చూడనివానికి అది గీతల గుంపు. ముందు చెప్పిన అమెరికా సంస్థ ఇచ్చు పి.ఎం.పి. అను యోగ్యతాపత్రమునకు, నాలుగేండ్ల పట్టము గలవారు సైతము మూడేండ్లు ప్రాజెక్టులను నడపిన అనుభవమును చూపవలెనని నియమము కలదు. పరీక్ష పెట్టువారే అనుభవమును ముందుంచినప్పుడు పరీక్ష వ్రాయువారు దానిని వెనుకకు నెట్టరాదు.

చదువ నిశ్చయించినవారికి మార్గములు దూరమున లేవు. నిర్మాణ నిర్వహణ విద్యకై 1983లో ఏర్పడిన నిక్మార్ సంస్థకు హైదరాబాదు సమీపమున శామీర్‌పేటలో విద్యాలయము కలదు. ముంబయిలో 1963లో నిటీ అను పేరుతో స్థాపింపబడి, 2023లో భారతీయ నిర్వహణ విద్యాసంస్థగా మారిన విద్యాలయము ప్రాజెక్టు నిర్వహణను ప్రత్యేక విషయముగా బోధించినది. ఉద్యోగములోనున్న అధికారులకు శిక్షణ నిచ్చు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి 1956లో హైదరాబాదులో ఏర్పడినది. వీనిలో చేరుటకు ముందు తండ్రియు బిడ్డయు కలసి కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ చదువునకు ఏ పట్టము గలవారిని చేర్చుకొందురు? చదువుకాలములో ఎన్ని నెలలు నిజమైన పనిస్థలమున ఉంచుదురు? ముందు చదివినవారు ఇప్పుడెక్కడ ఏ పని చేయుచున్నారు? ఫీజును, వసతి ఖర్చును, బ్యాంకు వడ్డీని కలిపి లెక్కించిన నెలసరి వాయిదా, రాబోవు జీతములో ఎంత భాగమును తినివేయును? ఈ నాల్గింటికి తృప్తికరమైన సమాధానము లేనిచోట గోడలు ఎంత ఎత్తైనను అచ్చట చేరుట తగదు.

ఈ విద్య కేవలము ఇంజనీర్లకే యనుకొనుట పొరపాటు. బి.కాం. చదివినవాడు ఖర్చుల అదుపులోను, బి.ఏ. చదివినవాడు భూసేకరణ, పునరావాసము, జనులతో సంప్రతింపులలోను, బి.ఎస్సి. చదివినవాడు నాణ్యత పరీక్షలలోను రాణింపవచ్చును. అట్లే ఈ విద్య సర్వరోగనివారిణి యనుకొనుటయు పొరపాటే. నిధులు విడుదల కాని పని, భూమి చేతికి రాని పని పటములు గీసినంత మాత్రమున ముందుకు సాగదు. పటము గోడమీద నుండును. పని నేలమీద నుండును. అయితే పని ఎక్కడ ఆగినదో, ఎవరివలన ఆగినదో, ఆగుటచేత దినమునకెంత నష్టమో లెక్కతో చెప్పగలవాడు ఊరిలో ఒక్కడున్నను, కార్యాలయములో ఆ ఊరి మాటకు బరువు వచ్చును.

అట్టి అభ్యాసము ఊరిలోనే మొదలిడవచ్చును. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్య పౌర్ణమికి వచ్చును. రథోత్సవపు దినము ఎవరికొరకును ఆగదు. రథము మరమ్మతు, మోకులు, త్రాగునీరు, దీపములు, పశువుల సంత, వైద్యము, రక్షణ ఇవన్నియు ఆ ఒక్క దినమునకు సిద్ధము కావలెను. ఒక పట్టభద్రుడు పెద్దల చెంత కూర్చుండి, ఏ పని ఎప్పుడు మొదలిడిరో, ఏది ఎందుచేత ఆలస్యమైనదో ఒక ఏడు వ్రాసి ఉంచినచో, మరుసటి ఏటి వారికి అదియే దారిదీపము. ఆ వ్రాతపుస్తకమునకు గ్రంథాలయ బీరువాకన్న తగిన చోటు లేదు. పెద్దల అనుభవము వారితోనే పోకుండ నిలుపుటయే గదా గ్రంథాలయ ధర్మము!

కావున పట్టము పిమ్మట ఈ చదువు చదువదగినదే. పనిని చూచి చదువవలెను. చదివి మరల పనికి రావలెను. పట్టణములో పెద్ద భవనములను గడువులోపల లేపిన ఈ సీమ బిడ్డ, ఎప్పుడో ఒకనాడు కాలువ గట్టున నిలిచి, చివరి మడికి నీరు ఏల చేరలేదని లెక్కతో అడుగగలిగిననాడు, ఆ చదువునకై తల్లిదండ్రులు చేసిన అప్పు వడ్డీతో సహా తీరినట్లే.