ఖుక్రీ: రెండు నౌకలు, ఒకే పేరు

ఖుక్రీ అంటే గూర్ఖాల వంపు కత్తి. బ్రిటన్‌లో తయారై, 1958లో మన నౌకాదళంలో చేరిన ఫ్రిగేట్ అనే రకం యుద్ధనౌకకు ఆ పేరు పెట్టారు. దాని పని జలాంతర్గాములను వేటాడటం. విచిత్రమేమంటే, చివరకు దాన్ని ముంచింది జలాంతర్గామే.

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధం. డిసెంబరు 9 రాత్రి. డయ్యూ తీరానికి దూరంగా, అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ కోసం ఖుక్రీ, దాని తోడు నౌక కిర్పాణ్ గాలిస్తున్నాయి. హంగోర్ మాత్రం నీటి అడుగున పొంచి ఉంది. కిర్పాణ్ మీదికి వదిలిన టార్పెడో దాన్ని దెబ్బతీయలేకపోయింది. తర్వాతిది ఖుక్రీకి తగిలింది. నిమిషాల్లో నౌక మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితోపాటే వెళ్లిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్‌జాకెట్‌ను ఒక నావికుడికిచ్చి నౌకలోనే ఉండిపోయారని చెబుతారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర లభించింది.

1989లో అదే పేరుతో మరో నౌక వచ్చింది. ఇది మనదేశంలోనే కట్టిన కార్వెట్, అంటే ఫ్రిగేట్ కన్నా చిన్నది. 32 ఏళ్లు పనిచేసి, 2021 డిసెంబరు 23న మన విశాఖపట్నంలోనే సేవ ముగించింది. ఆ తర్వాత దాన్ని స్మారకంగా ఉంచేందుకు డయ్యూకే అప్పగించారు.