ఘంటసాలవారి భగవద్గీత రికార్డు

తెల్లవారుజామున ఏ ఇంటిలోనైనను ఘంటసాలవారి భగవద్గీత వినబడినచో ప్రక్కింటివారు గుమ్మమునొద్దకు వచ్చి, "ఎవరికేమైనదండీ?" అని మెల్లగా అడుగుట కృష్ణాతీరమున వింత కాదు. ఒక మహాగాయకుడు తన కడపటి దినములలో పాడియుంచిన రికార్డునకు ఇట్టి గతి పట్టుట ఎట్లు సంభవించినదో నేడు కొంచెము విచారింతము.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించినారు. ఇంటిపేరునుబట్టి, బౌద్ధశిథిలములకు ప్రసిద్ధమైన ఘంటసాల గ్రామమే వారి జన్మస్థలమని తలచువారు నేటికిని కలరు. తండ్రి సూరయ్యగారు పాటగారు. బాల్యముననే తండ్రిని కోల్పోయిన వేంకటేశ్వరరావుగారు విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిక్షణలో సంగీతము నేర్చినారు. 1942 ఉద్యమములో పాల్గొని కారాగారవాసమును చవిచూచినారు. అటుపిమ్మట మదరాసు, సినిమాలు, రమారమి ముప్పది ఏండ్ల పాట. ఆ కథ మన శ్రోతలకు క్రొత్త కాదు. 1970లో పద్మశ్రీ బిరుదము లభించినది. 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క ఏండ్ల వయస్సున, వారు కన్నుమూసినారు. గీత రికార్డు లోకము చేతికి వచ్చునప్పటికి గాయకుడు లేడు.

మా దృష్టిలో గీత రికార్డునకు అసలైన పూర్వరంగము సినిమా పాట కాదు, పద్యము. అంతకుముందు నాటకరంగమున పద్యమనగా రాగవిస్తారమునకు సాకు. నటుడు తుది పాదమును పట్టుకొని ఆలాపన సాగదీయుచుండగా, సభలోనివారు 'వన్స్‌మోర్' అనుచుండగా, పద్యములోని మాట ఎక్కడనో జారిపోయెడిది. (ఆ ఆలాపనలలో గొప్పవి లేకపోలేదు. వానిని వినుటకే బండ్లు కట్టుకొని వచ్చినవారు కలరు.) ఘంటసాలవారు దానిని తలక్రిందులు చేసినారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము'ను గ్రామఫోను రికార్డుగా ఇచ్చినపుడు, ఎచ్చట మాట విరిగినచో అర్థము తెలియునో అచ్చటనే విరిచినారు; రాగము మాటకు గొడుగు పట్టినదే గాని మాటను క్రమ్ముకొనలేదు. చదువురాని శ్రోతకును పద్యము అర్థమైనదన్న తృప్తి కలిగినది.

గీతలో చేసినదియు ఇదే. ఏడువందల శ్లోకములనుండి నూరుకు పైబడి ఏరి, సందర్భమునుబట్టి రాగములు మార్చుచు పాడినారు. ఒక్కొక్క శ్లోకము వెంట తెలుగు తాత్పర్యమును తామే వచనముగా పలికినారు. పారాయణ సంప్రదాయమునకు అలవడిన చెవికి ఈ రాగభేదము కొంత సినిమా పోకడగా తోచవచ్చును. ఆ ఆక్షేపణను మేము పూర్తిగా త్రోసివేయజాలము. కాని వచనభాగమును మరల వినవలెనని కోరుదుము. ఆ తెలుగు వాడుకభాష కాదు, చక్కని గ్రాంథికము. అయినను ఊడ్పులకు పోవు కూలీలకును, బందరు కాలువపై లాంతరు పట్టుకొని నీటి కాపలా కాయు రైతునకును అది అడ్డు కాలేదు. కారణము ఆ పలుకుబడి. పండితుడు శిష్యునకు చెప్పినట్లు గాక, ఇంటి పెద్ద అరుగుమీద కూర్చుండి చెప్పినట్లుండును. 'దేవదాసు'లో విరక్తుని గొంతుగా, 'లవకుశ'లో స్వరకర్తగా ప్రజలెరిగిన మనిషే కృష్ణుని మాట చెప్పుచున్నాడన్నది విన్నవారెవ్వరికిని వెలితిగా తోచలేదు. ఆ పరిచయమే ఆకర్షణ యైనది.

రికార్డునకు లభించిన ఆదరణ సామాన్యమైనది కాదు. మొదట ఎల్.పి.లు, పిమ్మట క్యాసెట్లు, అటుపై చిన్న పళ్లెములు, నేడు చేతి ఫోనులు. పరికరము మారినను గొంతు మారలేదు. రామాలయముల మైకులు ఎక్కినది. పండుగ పందిళ్ళకు వచ్చినది. తుదకు చావు ఇంటికి వచ్చినది. ఆ రాకకు కారణము లేకపోలేదు. జననమరణములను గూర్చి రెండవ అధ్యాయము చెప్పు మాటలు దుఃఖములోనున్నవారికి ఊరట. ఆ ఊరటను ఏ పురోహితుడును రానక్కరలేకుండ, ఏ కులము ఇంటికైనను, ఒక మైకు సెట్టు తెచ్చి ఇచ్చినది. ఇది చిన్న ఉపకారము కాదు. కాని పదిసార్లు చావు ఇంటిలో విన్న గొంతు పదునొకండవసారి బ్రతికిన ఇంటిలో వినబడినచో భయము పుట్టును. గీతను శవయాత్రలలో వినిపింపవద్దని ప్రచారము చేయువారును ఇప్పుడు కలరు. వారితో మేము ఏకీభవింపము. దుఃఖితుల చెంతనుండి దానిని లాగుకొనుట యెందులకు? చేయదగినది వేరొకటి కలదు: శుభదినములలో గూడ దానిని వినుట.

ఏలయనగా, గీత పుట్టినది శవము ముందు కాదు. చేతులు వణకి విల్లు జారవిడిచిన ఒక బ్రతికియున్నవాని ముందు. పరీక్షకు పోనొల్లని పిల్లవాడు, అప్పుపత్రము ముందు కూర్చున్న రైతు, చేయవలసిన పని యెదుట కాళ్ళాడని ఏ మనిషియైనను అర్జునునకు దగ్గరివాడే. ఆ రికార్డులో మూడవ అధ్యాయపు కర్మయోగ భాగమును విడిగా పెట్టి వినుడు. గొంతులో ఓదార్పు తగ్గి హెచ్చరిక పెరుగును, మాటలు కురుచయగును.

బెజవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల నేడు ఘంటసాలవారి పేరిట నున్నది. ఆ వైపు వీధులలో శవయాత్ర సాగునప్పుడు వాహనముపై గీత వినబడుచుండును. ఇంటినుండి కృష్ణ ఒడ్డునకు గల దారి ఎక్కువ కాదు. ఆ కొద్దిసేపటిలో మొదటి అధ్యాయములకు మించి సాగదు. పదునెనిమిదవ అధ్యాయమున అర్జునుడు తన సందేహము తీరినదని చెప్పు ఘట్టము ఏ వీధిలోను వినబడదు. అది ఇంటిలో, రేడియోవలెనే, తీరికగా కూర్చుండి వినవలసినదే.