పాడినాయన పేరు కూడా రాయాలి

(పేటలో జరిగిన రాత్రి సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



కావ్యాల గురించి మాట్లాడతానంటే మనవాళ్లు సగం మంది లేచిపోతారు. అది పంతుళ్ల యవ్వారం, మనకెందుకంటారు. కూర్చోండి. ఇది మన ఇంటి సంగతే.

పల్నాటి కథ మీకు తెలుసు. 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య పోరు. కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారంపూడి యుద్ధం. బ్రహ్మనాయుడి సేనను నడిపిన కన్నమదాసు మాలవాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని కథ చెబుతుంది.

కాలేజీలో ఈ కథని నేను శ్రీనాథుడి పేరు మీద చదివాను. ఆయన 15వ శతాబ్దపు కవి. ఆయన రాసినట్టు చెప్పే ద్విపదను 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించారు. అందులో దొరికింది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధం. మరి మిగతా కథంతా ఇన్ని వందల ఏళ్లు ఎవరి నోట బతికింది? వీరవిద్యావంతుల నోట. వాళ్లు మాలలు. చేత కత్తి పట్టుకొని, పంబ మోగుతుండగా రాత్రుళ్లు రాత్రుళ్లు పాడారు.

ఆ మాట క్లాసులో అడిగితే మా లెక్చరర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: అది జానపదం, ఇది కావ్యం అని. నేను మళ్లీ నోరెత్తలేదు. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాణ్ని, భయం. ఆ మౌనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

తర్వాతెప్పటికో ఒక పుస్తకం చేతికొచ్చింది. జీన్ రోఘెయిర్ అనే అమెరికా పండితుడు పల్నాటి వీరుల కథను ఇంగ్లీషులోకి అనువదించాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అచ్చు వేశారు. ఆయన అనువాదానికి తీసుకున్నది శ్రీనాథుడి ద్విపద అనుకున్నారా? కాదు. అలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన పాట. గాలెయ్య పేరు ఆ పుస్తకంలో ఉంది. నేను చదివిన ఏ తెలుగు పాఠంలోనూ ఆ పేరు లేదు. మన తాత పేరు సముద్రం దాటి పోయి మళ్లీ మనకి ఇంగ్లీషులో తెలియాల్సి వచ్చింది. ఇది గొప్పా, అవమానమా? రెండూనూ.

అట్లాగని కథను చూసి మురిసిపోతే చాలదు. కన్నమదాసు సేనాని అయ్యాడు, సరే. కొట్లాట ఎవరిది? దొరలది. చాపకూడు తిన్నవాళ్లు తిన్నాక ఎక్కడికి పోయారు? యుద్ధానికి, చావుకి. చచ్చేముందు ఒక చాప దొరికింది, బతికేటప్పుడు ఒక బావి దొరకలేదు. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల తిరునాళ్లు జరుగుతాయి, మందపోరు నాడు చాపకూడు పెడతారు. అప్పటి అదే గుంటూరు జిల్లాలో 1991 ఆగస్టులో చుండూరులో మనవాళ్లను నరికి, గోనెల్లో కుక్కి కాలవలో పడేశారు. పాటలో ఉన్న సమానత్వం ఊళ్లోకి దానంతటది రాదు. మనమే తేవాలి.

ఇక చేయాల్సిన పని. మన పేటల్లో పాడేవాళ్లు, కథ చెప్పేవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు. చదువుకున్న పిల్లలు వాళ్ల దగ్గర కూర్చోండి. సెల్లులో రికార్డు చేయండి, కాగితం మీద రాయండి. వాళ్ల మాటని దిద్దొద్దు, పంతుళ్ల భాషలోకి మార్చొద్దు. పైన పాడినాయన పేరు, ఊరు, పాడిన తేదీ రాయండి. ఆయన్ని అడిగే రాయండి. రేపు ఎవరైనా దాన్ని ఇంగ్లీషులోకో హిందీలోకో మార్చుకుపోతే, ఆ పేరు కూడా వెంట పోవాలి.

రాసినవాడికి పీట, పాడినవాడికి గడప బయట చోటు. ఈ లెక్క ఇక చెల్లదు.

జై భీమ్!